ఊళ్లో ఉన్న ఒక్క కౌన్సెలరూ తెలిసినావిడే, ఎలా వెళ్లాలి?

పేరు, ఊరు ప్రచురించవద్దని కోరుతూ ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేసి, సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమెకు ముప్పై ఆరేళ్లు. ఒకరి సంగతి ఇంకొకరికి గంటలో చేరిపోయే చిన్న ఊళ్లో స్కూలు టీచరు. ఇంట్లో భర్త, ఎనిమిదేళ్ల పాప, అత్తగారు. చాలా ఏళ్లు డిప్రెషన్ అనుకునే మందులు వాడారు. రెండేళ్ల కిందట మూడు వారాలపాటు సరిగ్గా నిద్రపోకుండా, రాత్రంతా మాట్లాడుతూ, సొంతంగా స్కూలు పెడతానని ఎవరికీ చెప్పకుండా పెద్ద మొత్తం అప్పు చేశారు. చివరికి నాలుగు గంటల దూరంలో ఉన్న నగరానికి తీసుకెళ్లి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. మూడ్ కొన్నాళ్లు హద్దు మీరి పైకి ఎగిసి, కొన్నాళ్లు దిగులులోకి జారిపోయే బైపోలార్ డిజార్డర్ అని అప్పుడు తేలింది. అప్పటి నుంచి మూడ్‌ను అదుపులో ఉంచే లిథియం అనే మందు వాడుతున్నారు. మూడు నెలలకోసారి వెళ్తే సైకియాట్రిస్టు పది నిమిషాలు మాట్లాడి, రక్తపరీక్ష చూసి మందులు రాసిస్తారు. మందులతో పాటు థెరపీ కూడా ఉండాలని ఆయనే చెప్పారు.

చిక్కంతా అక్కడే. ఊళ్లో ఉన్నది ఒకే ఒక కౌన్సెలర్. ఆవిడ ఈమె ఆడబిడ్డకు చిన్ననాటి స్నేహితురాలు. పైగా ఆవిడ కొడుకు ఈమె క్లాసులోనే చదువుతున్నాడు. ఆన్‌లైన్‌లో ఒక థెరపిస్టుతో మాట్లాడితే, రెండో సెషన్లోనే "ధ్యానం అలవాటైతే మందులు మెల్లగా మానేయొచ్చు" అన్నారట. ఈమె భయపడి ఇంక ఆ పేరు ఎత్తలేదు. ఇంట్లో తలుపేసుకుని మాట్లాడినా పక్క గదిలో అత్తగారికి వినిపిస్తుంది. భర్త మంచివారే. కానీ "మందులు వేసుకుంటున్నావు కదా, ఇంకా పరాయివాళ్లకు చెప్పుకోవడం దేనికి? బయటపడితే నీ ఉద్యోగం ఏమవుతుంది?" అంటారు.

ఉత్తరం చివర్లో ఇలా రాశారు: "ఈమధ్య పది రోజులుగా నాలుగు గంటల నిద్ర చాలుతోంది. అలసటే లేదు. స్కూలు వార్షికోత్సవం పనులన్నీ నేనే చేస్తున్నాను. ఇంత హుషారుగా ఉండి చాలా కాలమైంది. జబ్బు తగ్గిపోయిందేమో, అసలు ఈ థెరపిస్టు గొడవే అక్కర్లేదేమో అని కూడా అనిపిస్తోంది."

సమాధానం:

మీరు చివర్లో రాసిన మాటలతోనే మొదలుపెడతాను. థెరపిస్టును వెతకడం ఒక వారం ఆలస్యమైనా నష్టం లేదు. ఇది మాత్రం ఆగేది కాదు.

పడుకున్నా నిద్ర పట్టకపోవడం వేరు, తక్కువ నిద్రతోనే ఒంట్లో శక్తి పొంగుతున్నట్టుండటం వేరు. మొదటిది టెన్షన్ ఉన్న ఎవరికైనా వస్తుంది, మర్నాడు ఒళ్లు బరువుగా, చిరాగ్గా ఉంటుంది. రెండోది బైపోలార్ ఉన్నవాళ్లలో మానియా, అంటే హుషారు హద్దు మీరే దశ, మొదలవుతోందనడానికి తరచుగా కనిపించే తొలి గుర్తు. మానియా అనడానికి డాక్టర్లు సాధారణంగా కనీసం వారం రోజులు, దానికంటే తేలికైన హైపోమానియా అనడానికి నాలుగు రోజులు లెక్కలోకి తీసుకుంటారు. మీరు పది రోజులంటున్నారు. వార్షికోత్సవం హడావుడి వల్ల వచ్చిన ఉత్సాహమే కావచ్చు, కాదనను. ఆ సంగతి ఉత్తరం చూసి నేను తేల్చలేను. దయచేసి మీరు కూడా మీ అంతట మీరు తేల్చుకోవద్దు, ఎందుకంటే 'నాకు తగ్గిపోయింది' అనే గట్టి నమ్మకం ఈ దశలోనే పుడుతుంది. రెండేళ్ల కిందట అప్పు చేసిన రోజుల్లోనూ మీకు ఒంట్లో బాగాలేదని అనిపించి ఉండదు.

కాబట్టి తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఇవాళే సైకియాట్రిస్టుకు ఫోన్ చేయండి. ఆయన దొరక్కపోతే ఆసుపత్రికే చేసి, ఈ నాలుగు ముక్కలు చెప్పండి: మామూలుగా ఎన్ని గంటలు పడుకుంటారు, ఇప్పుడు ఎన్ని గంటలు, ఎన్నాళ్లుగా, మధ్యలో మాత్రలు ఏమైనా తప్పాయా. మీ వారిని పక్కన కూర్చోబెట్టుకుంటే ఇంకా మంచిది, రాత్రిళ్లు మీరు ఎన్నింటికి లేచి తిరుగుతున్నారో ఆయనకే బాగా తెలుస్తుంది. డాక్టరు రక్తపరీక్ష చేయించమనవచ్చు. లిథియం పరీక్షకు చివరి మోతాదు వేసుకున్న పన్నెండు గంటలకు రక్తం తీయించుకోవాలి, లేకపోతే లెక్క తప్పుగా వస్తుంది.

ఈలోపు లిథియం మానొద్దు. ఉన్నట్టుండి ఆపేస్తే జబ్బు, ముఖ్యంగా మానియా, తిరగబెట్టే ప్రమాదం బాగా పెరుగుతుంది. అలాగని మీ అంతట మీరు ఇంకో మాత్ర ఎక్కువ వేసుకోవద్దు. పనిచేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య తేడా చాలా తక్కువ ఉన్న మందు ఇది. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, నడకలో తూలడం, మాట తడబడటం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఈ కొద్ది రోజులూ వార్షికోత్సవం పనుల్లో సగం ఇంకొకరికి అప్పజెప్పండి. రాత్రి తొందరగా లైట్లు ఆర్పి, ఫోన్ పక్కన పెట్టండి. డబ్బుకు సంబంధించిన ఏ నిర్ణయమైనా వాయిదా వేయండి. ఇంకొక్కటి, మీ జబ్బు గురించి కొత్తవాళ్లెవరికీ ఈ వారం చెప్పొద్దు. హుషారు పెరిగినప్పుడు మనసులో ఉన్నదంతా పదిమందికి చెప్పేయాలనిపిస్తుంది. ఇంతకాలం మీరు జాగ్రత్తగా కాపాడుకున్న విషయం అలా బయటపడకూడదు.

ఇక మీరు అడిగిన విషయానికి వస్తాను.

మీ ఉత్తరమంతా చదివాక నాకు అనిపించింది ఇది. మీరు ఇన్నాళ్లూ మిమ్మల్ని ఎరగని మనిషి కోసం వెతుకుతున్నారు. మీకు కావలసింది బైపోలార్‌ను ఎరిగిన మనిషి. ఈ రెండు వెతుకులాటలూ ఒకటి కాదు. ఆన్‌లైన్ థెరపిస్టుకు మీరెవరో బొత్తిగా తెలియదు, మీ గుట్టుకు ఏ ప్రమాదమూ లేదు. అయినా ఆ సలహా వింటే మీరు మళ్లీ ఆసుపత్రి పాలయ్యే ప్రమాదం ఉండేది. అక్కణ్నుంచి లేచి రావడం మీ భయం కాదు, మీ తెలివి. కానీ దాన్నిబట్టి ఆన్‌లైన్ థెరపీ మొత్తం పనికిరాదని అనుకోవద్దు. ఆ ఒక్కరికి ఈ జబ్బు గురించి తెలియదు, అంతే.

థెరపీ మందుల స్థానంలో వచ్చేది కాదు. 1949లో ఆస్ట్రేలియాకు చెందిన సైకియాట్రిస్టు జాన్ కేడ్, మానియాను లిథియం అదుపు చేస్తోందని ప్రకటించారు. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా అది ముఖ్యమైన మందుగానే ఉంది. అయినా మందులు క్రమం తప్పకుండా వాడేవాళ్లలోనూ జబ్బు తిరగబెట్టడం డాక్టర్లు చూస్తూ వచ్చారు. మందు చేయలేని పనులు కొన్ని ఉన్నాయి. తిరగబెట్టే గుర్తులను మీరే ముందుగా పసిగట్టడం, నిద్రవేళలు చెదరకుండా చూసుకోవడం, అప్పు చేసిన అవమానాన్ని మోస్తూ బతకడం, ఇంట్లోవాళ్లతో గొడవ లేకుండా దీని గురించి మాట్లాడటం. థెరపీ ఉన్నది వీటికే.

బార్సిలోనాలో ఫ్రాన్సెస్క్ కొలోమ్, ఎడ్వార్డ్ వియేటా బృందం 2003లో ప్రచురించిన అధ్యయనం నాకు ఇక్కడ గుర్తొస్తుంది. జబ్బు అదుపులో ఉన్న 120 మందిని రెండు భాగాలు చేశారు. అందరూ మందులు వాడుతూనే ఉన్నారు. ఒక భాగానికి 21 సెషన్లలో జబ్బు గురించి, మందుల గురించి, తొలి గుర్తుల గురించి, దినచర్య గురించి పద్ధతిగా నేర్పారు. రెండో భాగం కూడా అన్నిసార్లే కలిసి కూర్చుని ఊరికే మాట్లాడుకున్నారు. రెండేళ్ల పాటు గమనిస్తే, నేర్చుకున్నవాళ్లకు జబ్బు తక్కువగా తిరగబెట్టింది. మనసులో బరువు దించుకోవడం మంచిదే, కానీ ఈ జబ్బుకు అదొక్కటే చాలదని దీన్నిబట్టి తెలుస్తుంది. "పరాయివాళ్లకు చెప్పుకోవడం దేనికి" అని మీ వారు అంటున్నారు చూశారా, ఆయన థెరపీ అంటే చెప్పుకోవడమే అనుకుంటున్నారు. నేర్చుకోవడం అని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

బైపోలార్‌కు పనికొస్తాయని తేలిన థెరపీలు ఇంకా ఉన్నాయి. కుటుంబాన్ని కూడా కూర్చోబెట్టి చేసేది, దినచర్యను గాడిలో పెట్టేది, ఆలోచనల మీద పనిచేసే సీబీటీ. 2007లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, డిప్రెషన్ దశలో ఉన్న 293 మందిని పరిశీలిస్తే, ఈ మూడింట్లో ఏదో ఒకటి తొమ్మిది నెలలపాటు తీసుకున్నవాళ్లు, మూడే సెషన్లు తీసుకున్నవాళ్లకంటే త్వరగా కోలుకున్నారు. కాబట్టి ఫలానా పేరున్న థెరపీయే కావాలని పట్టుబట్టకండి. వీటిలో ఏదో ఒకటి నిజంగా నేర్చుకుని, బైపోలార్ ఉన్నవాళ్లతో పనిచేసినవాళ్లు దొరికితే చాలు.

అది ఎలా తెలుస్తుందంటే, అడగాలి. డబ్బు కట్టకముందే, మొహమాటపడకుండా. "బైపోలార్ ఉన్నవాళ్లతో ఇంతకుముందు పనిచేశారా? నాకు మానియా మొదలవుతోందని మీకు అనిపిస్తే ఏం చేస్తారు? అవసరమైతే మా సైకియాట్రిస్టుతో మాట్లాడతారా? మందుల గురించి మీ అభిప్రాయం ఏమిటి?" తెలిసినవాళ్లు రెండో ప్రశ్నకు వెంటనే నిద్ర గురించి, మీ డాక్టరుకు చెప్పడం గురించి, ఇంట్లో ఒకరి ఫోన్ నంబరు గురించి మాట్లాడతారు. "అలాంటిదేం రాదులెండి, పాజిటివ్‌గా ఉందాం" అన్నారంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. బైపోలార్ కేసులు ఎక్కువ చూడలేదు కానీ, చదువుకుని మీ డాక్టరుతో కలిసి పనిచేస్తానని నిజాయితీగా చెప్పేవాళ్లను మాత్రం నేనైతే కొట్టిపారేయను. చిన్న ఊళ్లలో అలాంటివాళ్లే దొరుకుతారు, మంచి డాక్టరు తోడుంటే వాళ్లతో బాగానే నడుస్తుంది. కౌన్సెలర్ అనే పేరు చాలా దేశాల్లో ఎవరైనా పెట్టుకోవచ్చు. అందుకని ఏం చదివారు, ఏ రిజిస్ట్రేషన్ ఉంది అని కూడా అడగండి.

మీ ఊళ్లో ఉన్నావిడ సంగతి చూద్దాం. ఆవిడ పేరెత్తగానే మీకు వచ్చే భయంలో మూడు భయాలు కలిసిపోయి ఉన్నాయి. విడదీసి చూస్తే వాటి బరువు ఒకటి కాదు.

ఆవిడ మీ ఆడబిడ్డతో చెప్పేస్తుందేమో అన్నది మొదటిది. వృత్తిలో ఉన్న థెరపిస్టుకు గోప్యత మర్యాద కోసం పాటించేది కాదు, కట్టుబడి తీరాల్సిన నియమం. మీరు వచ్చారన్న సంగతి కూడా ఎవరికీ చెప్పకూడదు. దానికి మినహాయింపులు కొన్ని ఉంటాయి: మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉన్నప్పుడు, పిల్లలకు హాని జరుగుతోందని తెలిసినప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు. ఈ మినహాయింపులు మీరున్న చోట ఏవో మొదటి రోజే చెప్పమని అడగాలి. చిన్న ఊళ్లో పనిచేసే థెరపిస్టు దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఎలాగూ తెలిసినవాళ్లే. ఒక్కసారి నోరు జారితే ఆవిడ దగ్గరికి ఇంకెవరూ రారు. ఆవిడ ఎలాంటి మనిషో మీకూ కొంత తెలిసే ఉంటుంది. ఇన్నేళ్లలో మీ ఆడబిడ్డ ద్వారా ఊళ్లో ఫలానావాళ్లు ఆవిడ దగ్గరికి వెళ్తున్నారన్న మాట ఎప్పుడైనా మీ చెవిన పడిందా? పడకపోతే, అది చాలా మంచి సూచన. పడి ఉంటే ఆవిడ పేరు ఇక్కడితో వదిలేయండి.

రెండోది, ఆవిడ గుమ్మం ఎక్కుతుంటే ఎవరైనా చూస్తారేమోనని. దీనికి ఫోన్లో మాట్లాడటం, జనం లేని వేళ వెళ్లడం లాంటి దారులున్నాయి. పైగా ఆవిడ కొడుకు మీ క్లాసులో ఉన్నాడు కాబట్టి మీరిద్దరూ మాట్లాడుకుంటుంటే చూసినవాళ్లు వేరేలా అనుకోవడానికి పెద్దగా ఏమీ లేదు.

మూడోదాన్ని మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు, నాకు మాత్రం అదే అన్నిటికంటే పెద్దదిగా కనిపిస్తోంది. ఆ పిల్లవాడికి మార్కులు వేసేది మీరు. మీకు ఒంట్లో బాగాలేని వారం వచ్చిందనుకోండి. ఆవిడ అప్పుడు మీ థెరపిస్టుగా ఆలోచించాలి, వాడి తల్లిగానూ ఆలోచించాలి. వాడికి మార్కులు తగ్గితే, ఆ విషయం మాట్లాడటానికి వచ్చిన తల్లి ముందు మీరు ఎలా కూర్చుంటారు? సెషన్లో స్కూలు గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడు ఎన్ని మాటలు మింగేస్తారు? ఆవిడ ఎంత మంచిదైనా ఈ చిక్కు పోదు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నీతి నియమావళి సైతం ఇలాంటి రెండు రకాల సంబంధాలన్నిటినీ తప్పనదు. థెరపిస్టు తీర్పు మసకబారే అవకాశం ఉందా, వచ్చినవాళ్లకు హాని జరుగుతుందా అన్నదే ప్రశ్న. ఆడబిడ్డ స్నేహం విషయంలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవచ్చు. పిల్లవాడు మీ క్లాసులో ఉన్నంతకాలం కష్టం.

అందుకని నా అభిప్రాయం, ఈ విద్యా సంవత్సరం ఆవిడను మీ థెరపిస్టుగా పెట్టుకోవద్దు. వాడు వేరే క్లాసుకు వెళ్లాక మళ్లీ ఆలోచించవచ్చు. అయితే ఇంకో దారి ఉంది. ఒక్కసారి ఆవిడను కలిసి, దారి చూపమని మాత్రమే అడగండి. ఇలా మొదలుపెట్టొచ్చు: "మీ దగ్గరికి ఒక వృత్తిపరమైన విషయంలో వచ్చాను. ఇది మన ఇద్దరి మధ్యే ఉంటుందా? మీ అబ్బాయి నా క్లాసులో ఉన్నాడు కాబట్టి మీ దగ్గర థెరపీ తీసుకోవడం బాగుండదని నాకే అనిపిస్తోంది. ఈ సమస్య మీద పనిచేసేవాళ్లు, దూరంగా ఉన్నా, ఎవరైనా తెలుసా?" జబ్బు పేరు చెప్పాలా వద్దా అన్నది అక్కడ ఆవిడ తీరును బట్టి నిర్ణయించుకోండి. "అయ్యో, మనం మనం ఒకటి, దానిదేముంది, నా దగ్గరికే రండి" అని తేలిగ్గా తీసేస్తే, ఆవిడకు ఈ గీతలు తెలియవని అర్థం. కాసేపు ఆగి, మీరు చెప్పింది నిజమే అని, మీ ఆడబిడ్డ ఎదురుగా కలిసినప్పుడు ఎలా ఉండాలో కూడా తనే మాట్లాడితే, ఆవిడ మాట మీద వచ్చే పేర్లను మీరు నమ్మొచ్చు. నష్టం లేదా అంటే ఉంది. ఊళ్లో ఇంకొకరికి మీకు ఏదో సమస్య ఉందని తెలుస్తుంది. అది వెనక్కి తీసుకోలేరు. అందుకే ఈ అడుగు మీ హుషారు సర్దుకుని, మీ డాక్టరు సరేనన్నాకే వేయండి.

అలా వద్దనుకుంటే నగరం దారి ఉంది. మీ సైకియాట్రిస్టు థెరపీ కావాలన్నారు కానీ ఎవరి దగ్గరో చెప్పలేదు. ఆయననే పేరు అడగండి. ఆ ఆసుపత్రిలోనో, ఆయనతో కలిసి పనిచేసేవాళ్లలోనో క్లినికల్ సైకాలజిస్టు ఉండే అవకాశం బాగా ఉంది. మీకు ఇదే అన్నిటికంటే మంచి దారి అనుకుంటున్నాను, ఎందుకంటే ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. ప్రతి వారం ఎనిమిది గంటల ప్రయాణం ఎవరివల్లా కాదు, నిద్ర చెడితే అది మీకు మంచిది కూడా కాదు. మూడు నెలలకోసారి ఎలాగూ వెళ్తున్నారు కాబట్టి ఆ రోజు నేరుగా కూర్చుని, మిగతావి ఫోన్లోనో వీడియోలోనో పెట్టుకోవచ్చు. మొదటి రెండు మూడు సెషన్లు ముఖాముఖి జరిగితే తర్వాత ఫోన్లో మాట్లాడటం తేలికవుతుంది.

పూర్తిగా ఆన్‌లైన్‌లోనే ఉండే థెరపిస్టును ఎంచుకుంటే ఎంపిక పెరుగుతుంది, ఊరి గొడవ అసలుండదు. కానీ తెర మీద ముఖం మాత్రమే కనిపిస్తుంది. ఇంట్లో రాత్రి రెండింటికి సర్దిన బీరువా మళ్లీ సర్దుతున్నారని ఆ థెరపిస్టుకు ఎలా తెలుస్తుంది? అందుకే దూరం నుంచి పనిచేసేవాళ్లు మొదటి రోజే మీ చిరునామా, మీ సైకియాట్రిస్టు నంబరు, అత్యవసరమైతే పిలవాల్సిన మనిషి నంబరు అడగాలి. అడగనివాళ్ల దగ్గర బైపోలార్‌కు థెరపీ తీసుకోవద్దు. కొన్ని దేశాల్లో లైసెన్సు ఒక రాష్ట్రానికో ప్రాంతానికో పరిమితంగా ఉంటుంది, మీరున్న చోట వైద్యం చేసే హక్కు వాళ్లకు ఉందో లేదో కనుక్కోండి. అత్తగారికి వినిపించే సమస్యకు, ఇల్లు ఖాళీగా ఉండే వేళను థెరపిస్టు అడిగేలోపే మీరు చెప్పి పెట్టుకోండి. ఆపి ఉంచిన కారులో కూర్చుని మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే అవతలి మాట ఎలాగూ వినపడదు, మీ వైపు నుంచి చెప్పడానికి ఇబ్బందైనవి చాట్‌లో టైప్ చేయొచ్చు. స్కూల్లో, ఖాళీ క్లాసురూములో మాత్రం వద్దు.

ఎవరో ఒకరు దొరికేదాకా ఊరికే ఉండక్కర్లేదు. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఎలెన్ ఫ్రాంక్ అనే సైకాలజిస్టు, దినచర్యను గాడిలో పెట్టే థెరపీని రూపొందించారు. అందులో రోజూ ఐదు సమయాలు రాసుకుంటారు: మంచం దిగిన వేళ, మొదట ఒక మనిషితో మాట్లాడిన వేళ, పని మొదలుపెట్టిన వేళ, రాత్రి భోజనం చేసిన వేళ, పడుకున్న వేళ. పక్కన ఆ రోజు మూడ్ ఎలా ఉందో ఒక అంకె. ఈ జబ్బున్నవాళ్లలో దినచర్య చెదిరితే నిద్ర చెదురుతుంది, నిద్ర చెదిరితే మూడ్ చెదురుతుంది. మామూలు గోడ క్యాలెండర్ మీద రాస్తే ఇంట్లో అందరూ చూస్తారనుకుంటే, పాఠాల డైరీ చివరి పేజీలో రాయండి. మూడు నెలలు రాసిన ఆ పేజీలు ముందు పెడితే మీ డాక్టరుతో గడిపే పది నిమిషాల విలువే మారిపోతుంది.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. ఊళ్లో జ్వరానికీ నొప్పులకూ చూపించుకునే డాక్టరు దగ్గర కూడా లిథియం సంగతి దాస్తున్నారేమోనని నా అనుమానం. అక్కడ దాచకండి. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు, కొన్ని రకాల బీపీ మందులు రక్తంలో లిథియాన్ని పెంచేస్తాయి. వాంతులు, విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరు తగ్గినా పెరుగుతుంది. డిప్రెషన్ మందు ఒక్కటే రాసిస్తే కొందరిలో మానియా ఎగదోస్తుంది. ఆ డాక్టరుకు మీ కథంతా అక్కర్లేదు. "లిథియం వాడుతున్నాను, ఏ మందు రాసినా దానితో సరిపడేదే రాయండి" అంటే చాలు. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు క్రమం తప్పకుండా జరుగుతున్నాయో లేదో కూడా చూసుకోండి.

మీ వారి మీద నాకు కోపం రావడం లేదు. రెండేళ్ల కిందట ఆ అప్పూ, ఆసుపత్రీ, పాపా అన్నీ ఆయన మీదే పడి ఉంటాయి. ఆయన గుట్టుగా ఉంచమనడంలో మిమ్మల్ని కాపాడుకోవాలన్న తాపత్రయం ఉంది. కానీ ఆయనకు కూడా దీని గురించి నేర్పినవాళ్లు లేరు. జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ ప్రొఫెసర్, సైకాలజిస్టు కే రెడ్‌ఫీల్డ్ జామిసన్ తనకు ఈ జబ్బు ఉందని 1995లో లోకానికి చెప్పారు. లిథియంతో పాటు సైకోథెరపీ కూడా తనను నిలబెట్టిందని ఆమె అంటారు. వృత్తిలో ఉన్నవాళ్లకే రెండూ అవసరమయ్యాయని ఆయనకు చెప్పి చూడండి. అంతకంటే బాగా పనిచేసేది ఆయనను ఒక సెషన్‌కు తీసుకెళ్లడం. థెరపీకి ఒప్పుకోమని అడగకండి, తను చూసింది చెప్పడానికి రమ్మనండి. రెండేళ్ల కిందట మొదట ఏం మారిందో ఆయన చెప్తే, థెరపిస్టుతో కలిసి ముగ్గురూ ఒక కాగితం రాసుకోవచ్చు. ఏ గుర్తు కనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలి, బ్యాంకు కార్డు ఎవరి దగ్గర ఉండాలి, ఏ ఆసుపత్రి, పాప ఆ రోజుల్లో ఎవరి దగ్గర ఉండాలి. మీరు బాగున్న రోజున, మీ చేత్తో, మీ ఇష్టంతో రాసింది కావాలి. అప్పుడు ఆయన కార్డు అడిగినా అది పెత్తనంలా ఉండదు. చావు ఆలోచనలు వచ్చినప్పుడు ఏం చేయాలో కూడా అందులో రాయండి. ఈ జబ్బులో అవి రావడం అరుదు కాదు. మూడ్ దిగిపోయిన రోజుల్లోనూ, దిగులూ ఉద్రేకమూ కలగలిసిన రోజుల్లోనూ వస్తాయి. అలాంటప్పుడు సెషన్ దాకా ఆగకూడదు, ఆ రాత్రే డాక్టరుకో అత్యవసర విభాగానికో వెళ్లాలి.

స్కూల్లో చెప్పాలా అన్నదానికి, ఇప్పుడు అవసరం లేదని నా అభిప్రాయం. ఉద్యోగులకు ఉండే రక్షణలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి, ముందు అవి తెలుసుకోవాలి. సెలవు కావాలంటే ఆరోగ్య కారణం అంటే సరిపోతుంది.

ఎవరితో మొదలుపెట్టినా నాలుగైదు సెషన్ల సమయం ఇవ్వండి. మీ నిద్ర గురించి అడుగుతున్నారా, పోయినసారి చెప్పింది గుర్తుంటోందా, మీరు కాదన్నప్పుడు వింటున్నారా అని చూడండి. కుదరకపోతే మారడంలో తప్పు లేదు. కానీ ఏమీ చెప్పకుండా మానేయకుండా, "నాకు ఇది సరిపడటం లేదు, ఇంకెవరి పేరైనా చెప్పండి" అని అడిగి, కొత్తవారితో మొదటి అపాయింట్‌మెంట్ ఖాయమయ్యాకే పాతది ఆపండి.